బ్లూస్ మౌత్ ఆర్గాన్: ఎవరిని వినాలి, ఏ పాటతో మొదలుపెట్టాలి

మీరడిగింది ఇది: పది రంధ్రాల సి-కీ మౌత్ ఆర్గాన్ కొని కొన్ని నెలలైంది. ఒక్కో స్వరం విడిగా, శుభ్రంగా పలుకుతోంది. బెండ్ (స్వరాన్ని కిందికి వంచడం) కూడా కొంచెం కొంచెం వస్తోంది. బ్లూస్ మౌత్ ఆర్గాన్ వాయించిన లిటిల్ వాల్టర్‌ను విన్నప్పటి నుంచి ఇంకేదీ వినబుద్ధి కావడం లేదు. ఆయన పాటల్లో ఏవి నేర్చుకోవాలి, ఇంకా ఎవరిని వినాలి?

సూటిగా చెప్తాను. వాల్టర్‌ను రోజూ వినండి, కానీ వాయించడం మాత్రం ఆయనతో మొదలుపెట్టకండి. మొదటి ఏడాదికి ఐదారు పాటలు చాలు. అవి కూడా మొత్తం అక్కర్లేదు, ఒక్కో పాటలో ఒకటి రెండు కోరస్‌లు (పాట చట్రం ఒకసారి పూర్తిగా తిరిగే చుట్టు) చాలు. వాటిని చెవితో పట్టుకుని, నోటితో పాడి, ఆ తర్వాత హార్ప్ మీదికి తెచ్చుకోండి. (బ్లూస్ అంటే అమెరికా నల్లజాతివాళ్ల సంగీతం. ఆ బ్లూస్ వాళ్లు మౌత్ ఆర్గాన్‌ను హార్ప్ అనే అంటారు, నేనూ అలాగే రాస్తాను.) నెట్‌లో దొరికే టాబ్‌లన్నీ (ఏ రంధ్రం ఊదాలో, ఏది పీల్చాలో అంకెల్లో రాసినవి) దించుకుని, అంకెలు చూసుకుంటూ యాభై పాటలు వాయించేవాళ్లను చాలామందిని చూశాను. పక్కన గిటార్ మోగగానే వాళ్లకు ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆగాలో తెలియదు. ఒకే పాటను బాగా విన్నవాళ్లకు ఆ ఇబ్బంది ఉండదు.

ఇది చదివే మిగతావాళ్ల కోసం ఒక్క మాట. మన ఊళ్లలో షాపుకెళ్లి మౌత్ ఆర్గాన్ అని అడిగితే ఎక్కువగా చేతిలో పెట్టేది 24 రంధ్రాల ట్రెమోలో. సినిమా పాటలకు అది హాయిగా ఉంటుంది. అందులో ఒక్కో స్వరానికి రెండు రీడ్లు (గాలికి మోగే లోహపు పట్టీలు) ఉంటాయి, వాటి శ్రుతిలో చిన్న తేడా పెట్టడం వల్లే ఆ వణికే నాదం వస్తుంది. బ్లూస్‌కు కావలసిన బెండ్ దాని మీద సరిగ్గా పలకదు. పది రంధ్రాల డయటోనిక్ (ఒక కీ స్వరాలకు కట్టినది) కావాలి. హోనర్ కంపెనీ 1896 నుంచి తయారుచేస్తున్న మెరైన్ బ్యాండ్ ఈ రకమే. ఇక్కడ చెప్పుకునే పాత మహానుభావులు ఎక్కువగా వాయించింది దాన్నే.

పాటల్లోకి వెళ్లే ముందు రెండు విషయాలు తెలిసి ఉండాలి. ఇవి తెలియకపోతే ఎంత విన్నా ఏం వింటున్నామో అర్థం కాదు.

మొదటిది శ్రుతి. సి-కీ హార్ప్ మీద బ్లూస్ వాయించేటప్పుడు ఎక్కువగా జి శ్రుతిలో వాయిస్తారు. దాన్ని క్రాస్ హార్ప్ అనీ, సెకండ్ పొజిషన్ అనీ అంటారు. అప్పుడు 2 డ్రా, అంటే రెండో రంధ్రంలో గాలి పీల్చినప్పుడు వచ్చే స్వరం, మీ షడ్జమం అవుతుంది. 3 డ్రా అంతర గాంధారం. దాన్ని అర స్వరం కిందికి వంచితే సాధారణ గాంధారం. 4 బ్లో, అంటే ఊదినప్పుడు వచ్చేది, శుద్ధ మధ్యమం. 4 డ్రా పంచమం, అది వంగితే ప్రతి మధ్యమం. 5 డ్రా కైశికి నిషాదం, 6 బ్లో పై షడ్జమం. బ్లూస్ స్కేల్ అంతా ఇందులోనే ఉంది. ముఖ్యమైన స్వరాలు ఎక్కువ భాగం పీల్పులో ఉన్నాయి, వంగేవీ అవే. అందుకే ఈ పొజిషన్.

కర్ణాటక సంగీతం కొంచెమైనా చెవిన పడ్డవాళ్లకు ఇక్కడ ఒక లాభం ఉంది. బ్లూస్‌లో గాంధారం చాలాసార్లు సాధారణ గాంధారం దగ్గరా నిలవదు, అంతర గాంధారం దగ్గరా నిలవదు. రెండింటి మధ్య ఎక్కడో, పాడేవాడి మనసును బట్టి ఊగుతుంది. గమకం వినడం అలవాటున్న చెవి దాన్ని వెంటనే పట్టుకుంటుంది. పట్టుకున్నది పలికించడమే కష్టం. ఎందుకంటే 3 డ్రా మూడు అర స్వరాల దాకా కిందికి జారగలదు. కొత్తవాళ్లు బలంగా లాగి అడుగుకు వెళ్లిపోతారు. అక్కడ వచ్చే స్వరం పాటకు పొసగదు. కొంచెం మాత్రమే వంచి ఆపడం నేర్చుకోండి. లోతుగా వంచడం కంటే ఇదే ఎక్కువ కాలం పడుతుంది.

రెండోది పన్నెండు బార్ల చట్రం. బార్ అంటే తాళంలో ఒక చిన్న ఆవర్తం లాంటిది, బార్‌కు నాలుగు బీట్లు. పాటలో ఒక్కో చరణానికి మూడు వాక్యాలు, ఒక్కో వాక్యానికి నాలుగు బార్లు. మొదటి వాక్యాన్నే రెండోసారి మళ్లీ పాడి, మూడో వాక్యంతో ముగించడం మామూలు పద్ధతి. ఆ నాలుగు బార్లలో గొంతు తీసుకునేది దాదాపు రెండు. మిగతా రెండూ ఖాళీ. హార్ప్ ఉండేది ఆ ఖాళీలో. గొంతు ఒక మాట అంటుంది, హార్ప్ జవాబిస్తుంది. ఏ బ్లూస్ పాట విన్నా ముందు ఈ జవాబు ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది అని చూడండి.

దీన్ని నేర్పడానికి రెండో సన్నీ బాయ్ విలియమ్సన్‌ను మించినవాళ్లు లేరు. రెండో అని ఎందుకన్నానంటే, ఈ పేరుతో ఇద్దరున్నారు. మొదటాయన జాన్ లీ విలియమ్సన్, టెనెసీవాడు. 1937లో 'గుడ్ మార్నింగ్, స్కూల్ గర్ల్' రికార్డు చేసి, షికాగోలో పెద్ద పేరు తెచ్చుకుని, 1948లో అక్కడే దోపిడీ దొంగల దాడిలో చనిపోయాడు. రెండో ఆయన అసలు పేరు రైస్ మిల్లర్ అంటారు, మిసిసిపీవాడు. మొదటాయన బతికుండగానే ఆ పేరు పెట్టుకున్నాడు. అర్కాన్సా రాష్ట్రం హెలెనాలోని కె.ఎఫ్.ఎఫ్.ఎ. రేడియోలో 1941లో మొదలైన 'కింగ్ బిస్కెట్ టైమ్' కార్యక్రమంతో మిసిసిపీ డెల్టా ప్రాంతమంతా తెలిసిపోయాడు. 1965లో హెలెనాలోనే పోయాడు. ఇక్కడి నుంచి నేను సన్నీ బాయ్ అంటే ఈ రెండో ఆయనే.

ఆయన 1963లో కోపెన్‌హాగెన్‌లో చేసిన రికార్డింగులు వెతికి పట్టుకోండి. కొన్ని పాటల్లో ఆయన గొంతు, హార్ప్ తప్ప దాదాపు ఏమీ ఉండదు, కొన్నింటిలో ఒక గిటారో పియానోనో తోడుంటుంది. డ్రమ్స్ హోరు లేదు కాబట్టి ఆయన గాలి పీల్చిన చప్పుడుతో సహా వినిపిస్తుంది. ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడో గుర్తుపెట్టుకోండి. పాడుతూ పాడుతూ మాట చివర హార్ప్ పెదవులకు తాకించి రెండు మూడు స్వరాలు అంటాడు, ఆపేస్తాడు. ఆ ఆపేసిన చోట తాళం ఎక్కడా జారదు. మీరు ముందు కాలితో తాళం వేస్తూ ఆ ఖాళీలు లెక్కపెట్టండి. హార్ప్ ముట్టుకోకండి. రెండు మూడు రోజుల తర్వాత ఆయన జవాబుల్లో ఒక్కటి, చిన్నది, ఎంచుకుని దాన్నే వాయించండి.

ఆ తర్వాత 'హెల్ప్ మీ', 1963. దీని కింద నడిచే రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న పదబంధం) బుకర్ టి బృందం 1962 నాటి 'గ్రీన్ ఆనియన్స్' నుంచి వచ్చింది, పట్టుకోవడం తేలిక. పాట ఎఫ్‌లో ఉంటుంది, కాబట్టి రికార్డుతో పాటు వాయించాలంటే బి-ఫ్లాట్ హార్ప్ కావాలి. లేకపోయినా ఫర్వాలేదు, మీ సి హార్ప్ మీద అవే రంధ్రాలు వాయించి సాధన చేయొచ్చు, శ్రుతి మారుతుందంతే. ఈ పాటలో హార్ప్ ఏ ఒక్క చోటా తొందరపడదు. ఒక్కో స్వరాన్ని ఎలా మొదలుపెడుతున్నాడో వినండి: నేరుగా స్వరం మీద దిగడం తక్కువ, కింది నుంచి జార్చి పైకి తెస్తాడు. చేతులు మూసి తెరవడంతో అదే స్వరం మాట్లాడినట్టు ఉంటుంది. బ్యాండ్‌తో ఆయన ఎలా నడుస్తాడో తెలియాలంటే 'డౌన్ అండ్ అవుట్ బ్లూస్' అనే 1959 నాటి ఎల్‌పీ ఉంది. చెకర్ రికార్డు కంపెనీకి చేసిన అంతకుముందు పాటల సంకలనం అది. అందులో 'కీప్ ఇట్ టు యువర్‌సెల్ఫ్' నేర్చుకోవడానికి బాగుంటుంది.

జిమ్మీ రీడ్‌ను కూడా ఈ దశలోనే వినండి. హార్ప్‌ను మెడలో స్టాండ్‌కు బిగించుకుని, చేతులతో గిటార్ వాయిస్తూ పాడేవాడు. 'ఆనెస్ట్ ఐ డూ' (1957), 'బ్రైట్ లైట్స్, బిగ్ సిటీ' (1961) వింటే హార్ప్ పై రంధ్రాల్లో సన్నగా, తీయగా పలుకుతుంది. అది ఫస్ట్ పొజిషన్, అంటే హార్ప్ కీ, పాట కీ ఒకటే. 8, 9, 10 రంధ్రాల్లో ఊదుతూ వంచాలి. ఆ బ్లో బెండ్లు మీకిప్పుడే రావు, తర్వాత చూసుకోవచ్చు. కానీ ఇంత తక్కువ స్వరాలతో పాట మొత్తం నిలబెట్టొచ్చని చెవికి తెలియడం మంచిది.

ఇప్పుడు నాదం గురించి. ఇక్కడ బిగ్ వాల్టర్ హార్టన్ దగ్గర ఆగాలి. 1953లో మెంఫిస్‌లోని సన్ రికార్డు కంపెనీకి, జిమ్మీ డెబెరీ గిటార్‌తో చేసిన 'ఈజీ' అనే వాద్య రచన వినండి. నెమ్మదైన నడక, పెద్దగా స్వరాలేమీ లేవు. ఐవరీ జో హంటర్ పాట 'ఐ ఆల్మోస్ట్ లాస్ట్ మై మైండ్' మెలొడీ దీనికి ఆధారం. మొదట మెత్తగా, సర్దుకుని మొదలవుతుంది. కోరస్ మారేకొద్దీ అదే మెలొడీ మీద ఒత్తిడి పెంచుకుంటూ పోతాడు. చివరికొచ్చేసరికి ఆ చిన్న వాద్యం నుంచి ఇంత నిండు నాదం ఎలా వచ్చిందా అనిపిస్తుంది. వేగం పెరగలేదు, స్వరాలు పెరగలేదు. పెరిగింది నాదం ఒక్కటే. మీరు ఒకే ఒక్క పాట నేర్చుకుంటానంటే నేను చెప్పేది ఇదే.

ఆ నాదం ఎక్కడి నుంచి వస్తుందో కొంచెం వివరిస్తాను. హార్ప్‌ను పెదవుల చివర పట్టుకుంటే సన్నటి శబ్దం వస్తుంది. నోటి లోపలికి బాగా తీసుకోండి, పైపెదవి కవర్ మీద సగం దాకా రావాలి. నాలుగు రంధ్రాలు నోట్లో పట్టేంత తెరిచి, ఎడమవైపు మూడింటిని నాలుకతో మూయండి. కుడి చివర రంధ్రం ఒక్కటే పలుకుతుంది. దీన్ని టంగ్ బ్లాకింగ్ అంటారు. ఇప్పుడు తాళానికి తగ్గట్టు నాలుక లేపితే మిగతా రంధ్రాలు కూడా మోగి మెలొడీ వెనక డ్రమ్ కొట్టినట్టు ఒక కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) పడుతుంది, నాలుక దించితే మళ్లీ ఒక్క స్వరమే. పెదవులు సున్నాలా చుట్టి వాయించే పద్ధతి తేలిక, బెండ్లు కూడా అందులోనే ముందు వస్తాయి. కానీ ఇద్దరు వాల్టర్ల నాదం కావాలంటే టంగ్ బ్లాకింగ్ తప్పదు. దవడ వదులుగా, గొంతు ఆవులించేటప్పుడు ఉన్నంత విశాలంగా ఉండాలి. గట్టిగా ఊదడం, గట్టిగా పీల్చడం మానేయండి. రీడ్లు త్వరగా పాడవుతాయి, నాదమూ రాదు.

జిమ్మీ రోజర్స్ 1956లో చేసిన 'వాకింగ్ బై మైసెల్ఫ్'లో బిగ్ వాల్టర్ సోలో ఉంది. పాట మధ్యలో ఒకే ఒక్క చోట, తలుపు తోసుకుని వచ్చినట్టు వస్తుంది. వాయించడం ఇప్పట్లో కష్టం. మొత్తం సోలో నోటితో పాడగలిగేదాకా వినండి, అది చాలు.

ఇక మీ లిటిల్ వాల్టర్. మారియన్ వాల్టర్ జేకబ్స్, 1930లో లూసియానాలోని మార్క్స్‌విల్‌లో పుట్టాడు, 1968లో షికాగోలో పోయాడు. నలభై కూడా నిండలేదు. ఆయన్ను మూడు మెట్లలో వినమంటాను.

మొదటి మెట్టు, షికాగో బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ వెనక వాయించిన వాల్టర్. 'లూసియానా బ్లూస్' (1950), 'లాంగ్ డిస్టెన్స్ కాల్' (1951). ఇందులో యాంప్లిఫైయర్ మోత లేదు. మడ్డీ గొంతు, ఆయన స్లైడ్ గిటార్, వాటి మధ్య వాల్టర్ హార్ప్. ఇరవై ఏళ్ల కుర్రాడు ఇంత పెద్ద గాయకుడికి ఎంత చోటు వదిలాడో వినండి. గాయకుడి వాక్యం పూర్తయ్యేదాకా కింద సన్నగా ఒక స్వరం పట్టుకుని ఉంటాడు, పూర్తవగానే పైకొస్తాడు. 'లాంగ్ డిస్టెన్స్ కాల్'లో ఒక చరణం జవాబులన్నీ నేర్చుకుంటే పక్కవాద్యం అంటే ఏమిటో తెలుస్తుంది.

రెండో మెట్టు, సొంతంగా పాడుతూ వాయించినవి. 'కాంట్ హోల్డ్ అవుట్ మచ్ లాంగర్', 'మీన్ ఓల్డ్ వరల్డ్' (రెండూ 1952), 'బ్లూస్ విత్ ఎ ఫీలింగ్' (1953), 'లాస్ట్ నైట్' (1954). ఇవన్నీ 'ది బెస్ట్ ఆఫ్ లిటిల్ వాల్టర్' అనే పన్నెండు పాటల పాత ఎల్‌పీలో ఉన్నాయి. ఆ ఒక్క ఆల్బమ్ రెండేళ్ల సిలబస్. వీటిలో చాలాచోట్ల వెనక ఉన్నది 'ఏసెస్' బృందం: గిటార్ల మీద లూయిస్ మైయర్స్, డేవ్ మైయర్స్, డ్రమ్స్ మీద ఫ్రెడ్ బిలో. ఒకసారి హార్ప్ వదిలేసి ఫ్రెడ్ బిలోను మాత్రమే వింటూ ఒక పాట మొత్తం వినండి. వాల్టర్ స్వరాలు అంత తేలికగా ఎగరడానికి కింద ఆయన వేసిన నేల కారణం. 'మై బేబ్' (1955) విల్లీ డిక్సన్ రాసిన పాట, 'దిస్ ట్రైన్' అనే భక్తిగీతం బాణీలో ఉంటుంది. పన్నెండు బార్ల చట్రానికి బయట ఉన్నది కాబట్టి దాన్ని తర్వాతకు ఉంచండి.

మూడో మెట్టు 'జూక్'. 1952 మే 12న, మడ్డీ వాటర్స్ రికార్డింగ్ రోజునే చేసింది. గిటార్లు మడ్డీ, జిమ్మీ రోజర్స్. బిల్‌బోర్డ్ పత్రిక ఆర్ అండ్ బి (రిథమ్ అండ్ బ్లూస్) చార్టులో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. హార్ప్ వాద్య రచన ఏదీ అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ అక్కడికి చేరలేదు. హిట్టయిందని తెలియగానే వాల్టర్ మడ్డీ బృందాన్ని వదిలేశాడు. ఏసెస్‌తో ఉన్న జూనియర్ వెల్స్ మడ్డీ దగ్గరికి వచ్చాడు, ఏసెస్ వాల్టర్‌కు దొరికారు.

'జూక్' ఇ శ్రుతిలో ఉంది, ఏ-కీ హార్ప్ కావాలి. మొదలయ్యే పదబంధం అందరికీ తెలుసు, కింది నుంచి పైకెళ్లి పై షడ్జమం దగ్గర నిలుస్తుంది, మళ్లీ అదే, మళ్లీ అదే. ఆ స్వరాలు కొత్తవాళ్లకైనా త్వరగానే వచ్చేస్తాయి. వచ్చేసిందనుకుని ముందుకెళ్లిపోతారు. రికార్డు పెట్టి దాంతో పాటు వాయించి చూడండి. వాల్టర్ బీట్‌కు సరిగ్గా మీద పడడు, కాస్త వెనక్కు వాలి ఊగుతూ వస్తాడు. ఆ ఊపు వాల్టర్‌కు సాక్సఫోన్ వాళ్ల నుంచి వచ్చింది. లూయిస్ జోర్డన్ లాంటివాళ్ల జంప్ బ్లూస్ (వేగంగా, ఊపుగా నడిచే బ్లూస్) విని, సాక్స్ చేసే పని హార్ప్‌తో చేయాలనుకున్నాడు. అందుకే 'జూక్' పట్టుబడకపోతే జోర్డన్ 'కాల్డోనియా' (1945) వినమంటాను. ఆ తర్వాత మళ్లీ 'జూక్'కు రండి. కోరస్ కోరస్‌కూ వాల్టర్ కొత్త ఆలోచన మొదలుపెడతాడు, దాన్ని పన్నెండు బార్లూ నడిపి, ఇంకోదానికి వెళ్తాడు. మూడు నిమిషాలు కూడా లేని రచనలో అంత ఉంది. మొదటి కోరస్‌కు మీరు రెండు మూడు నెలలు కేటాయించినా ఎక్కువ కాదు.

వాల్టర్ రికార్డుల్లోని ఆ మోటు నాదం కోసం ఇప్పుడే బుల్లెట్ మైక్ (గుప్పిట్లో పట్టుకునే మైక్), యాంప్లిఫైయర్ కొనకండి. వాల్టర్ మైక్‌నూ హార్ప్‌నూ కలిపి రెండు చేతుల్లో గాలి పోకుండా బిగించి పట్టుకునేవాడు. చేతుల మధ్య సందు ఉంటే ఆ నాదం రాదు. ఈ పట్టు మైక్ లేకుండానే సాధన చేయొచ్చు. ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య హార్ప్, కుడి అరచేయి కింది నుంచి వచ్చి ఎడమచేతి అంచుకు ఆనాలి, చిటికెన వేళ్ల దగ్గర సందు మిగలకూడదు. సరిగ్గా మూసి 4 డ్రా పట్టుకుంటే స్వరం ఒక్కసారిగా ముసుగేసుకున్నట్టు వినిపిస్తుంది, కుడి అరచేయి తెరిస్తే బయటికొస్తుంది. అద్దం ముందు కూర్చుని ఆ సందులు చూసుకోండి.

నేర్చుకునే పద్ధతి గురించి కొన్ని మాటలు. యూట్యూబ్‌లో వేగం 0.75కు తగ్గిస్తే శ్రుతి మారదు, వాడుకోండి. నాలుగు బార్లకు మించి ఒకేసారి తీసుకోకండి. ముందు పాడండి, గొంతు బాగోలేకపోయినా ఫర్వాలేదు. పాడలేనిది హార్ప్ మీద రాదు. చెవితో వెతికిన తర్వాత, ఎక్కడ తప్పుపోయారో సరిచూసుకోవడానికి టాబ్ చూడండి. ఇంకొకటి: సెకండ్ పొజిషన్‌లో పీల్చడం ఎక్కువ కాబట్టి కాసేపటికి ఊపిరితిత్తులు నిండిపోయి ఉక్కిరిబిక్కిరి అవుతుంది. అది ఊపిరి చాలకపోవడం అనుకుని చాలామంది ఇంకా పీలుస్తారు. ఖాళీ దొరికిన చోట ముక్కుతో గాలి వదలండి. సన్నీ బాయ్ ఖాళీలు వినమన్నది ఇందుకు కూడా.

మిగతావాళ్లను మనసుకు హాయి కోసం వినండి, నేర్చుకోవాలన్న టెన్షన్ పెట్టుకోకండి. సన్నీ టెర్రీ హార్ప్‌తో పాటు అరుపులు, కేకలు కలిపి వాయించే గ్రామీణ పద్ధతి వేరే లోకం. 1938లో కార్నెగీ హాల్‌లో వాయించాడు. డెఫోర్డ్ బెయిలీ 1927లో చేసిన 'పాన్ అమెరికన్ బ్లూస్'లో రైలు మొత్తం హార్ప్ లోంచే వస్తుంది. జూనియర్ వెల్స్ 1965 ఆల్బమ్ 'హూడూ మ్యాన్ బ్లూస్'లో బడ్డీ గై గిటార్‌తో కలిసి ఎంత తక్కువ వాయించాడో చూడండి. జేమ్స్ కాటన్ ఉత్సాహం కావాలంటే మడ్డీ వాటర్స్ 1977 ఆల్బమ్ 'హార్డ్ అగైన్'. స్లిమ్ హార్పో 'ఐయామ్ ఎ కింగ్ బీ' (1957) మీరు ఇప్పుడే వాయించగలరు, ఏదైనా రోజు సాధన విసుగనిపిస్తే అది తీసుకోండి. లిటిల్ వాల్టర్ క్రొమాటిక్ హార్ప్ (అన్ని అర స్వరాలూ పలికేది) మీద చేసిన 'లైట్స్ అవుట్' లాంటివి వినండి గానీ, దానికోసం క్రొమాటిక్ కొనడం మాత్రం వాయిదా వేయండి.

డబ్బులు పెట్టాలనుకుంటే ఏ-కీ హార్ప్ కొనండి, ఆ తర్వాత డి. మీ దగ్గరున్న సితో కలిపి ఈ మూడూ చాలాకాలం సరిపోతాయి. గిటార్ వాయించే స్నేహితులుంటే ఇ, ఏ, జి శ్రుతుల్లో వాళ్లతో కూర్చోవడానికి సరిగ్గా ఇవే కావాలి. ఏ-కీ హార్ప్ వచ్చేలోపు ఉన్న సి మీద 'ఈజీ' మొదటి కోరస్ మొదలుపెట్టండి. ఫోన్‌లో రికార్డు చేసి, ఎక్కడ ఇరుక్కున్నారో ఆ సెకను గుర్తుతో ఇక్కడ పెట్టండి, విని చెప్తాను.